ఆఖరి పది మీటర్లు

ఎదురుగా అంత పెద్ద శిలాతోరణం ఉంటే, రాతి సందుల్లో డబ్బా కోసం దేవులాడటమేమిటని దాచిన డబ్బాలను జీపీఎస్ సాయంతో వెతికే జియోకాషింగ్ ఆట ఆడేవాళ్లను అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. అమెరికాలోని యూటా ఎడారిలో, మోయాబ్ దగ్గర కరోనా ఆర్చ్ దారిలో నాకు తోచిన జవాబు: ఆ డబ్బా లేకపోతే తోరణాన్ని రెండు నిమిషాల్లో చూసేసి వెనుదిరిగేవాణ్ణి.

జీపీఎస్ సంకేతాల్లో కావాలని కలిపే లోపాన్ని అమెరికా ప్రభుత్వం 2000 మే మొదట్లో ఆపేసింది. మే 3నే డేవ్ అల్మర్ అనే ఆయన ఆరెగాన్‌లో ఒక బకెట్ దాచి, అక్షాంశ రేఖాంశాలు లోకానికి చెప్పాడు. జియోకాషింగ్ అలా మొదలైంది. అప్పట్నుంచీ పద్ధతి ఇదే. వెతికి పట్టుకోవాలి, అందులోని పుస్తకంలో పేరు రాయాలి, వస్తువేదైనా తీసుకుంటే అంతకు తగ్గనిది పెట్టాలి, డబ్బాను ఉన్నచోటే ఉంచాలి.

కరోనా ఆర్చ్‌కు రానుపోను సుమారు ఐదు కిలోమీటర్లు. రైలు పట్టాలు దాటాలి, నున్నటి ఇసుకరాతి మీద ఇనుప తాడు పట్టుకుని ఎక్కాలి. నీడ తక్కువ, నీళ్లు మనం మోసుకెళ్లినవే. తోరణం నడుమ ఖాళీ 140 అడుగుల వెడల్పు, 105 అడుగుల ఎత్తు.

నిలువు రాతిగోడలకు తగిలి ఉపగ్రహ సంకేతాలు దారి తప్పుతాయి. చివరి పది మీటర్లలో ఫోన్‌లోని బాణం ఒక్కోసారి ఒక్కో దిక్కు చూపిస్తుంది. ఇక ఫోన్ను జేబులో పెట్టాల్సిందే. దొర్లి ఆగిన రాయి ఒకలా ఉంటుంది, మనిషి పెట్టిన రాయి ఒకలా. ఆ తేడా పట్టుకోవడమే ఇందులో పనితనం. అలా వెతుకుతుంటే గోడల్లోని ఏటవాలు చారలు కనిపిస్తాయి. అవి జురాసిక్ కాలపు ఇసుక తిన్నెలవి. చేత్తో రాస్తే ఇసుక రాలుతుంది. రేణువులను పట్టి ఉంచే బంకను నీరు కరిగిస్తూ పోబట్టే తోరణం ఏర్పడింది.

అడుగు మాత్రం రాతి మీదే వేయాలి. నల్లగా గరుకుగా కనిపించే మట్టి పొర సూక్ష్మజీవులు, నాచు, లైకెన్లు కట్టినది. ఒకసారి తొక్కితే కోలుకోవడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. డబ్బా దొరక్కపోయినా నష్టం లేదు, ఆ పొరను తొక్కకూడదు.

ఈ ఆటలోనే ఒక రకంగా 2004లో మొదలైన ఎర్త్‌కాష్‌లో అసలు డబ్బానే ఉండదు. అక్కడి రాతిని పరిశీలించి, అడిగిన ప్రశ్నలకు జవాబులు పంపాలి. నాకైతే ఈ ఆటలో అన్నిటికన్నా పరిణతి చెందిన రూపం అదే. మన తిరుమలలోనూ ఒక శిలాతోరణం ఉంది. దాని దగ్గర మనం కంచె బయటి నుంచి ఫొటో తీసుకుని కదిలిపోతాం. అక్కడ డబ్బాలు దాచమనను. పై రాయి నిలిచి కింది రాయి ఎందుకు అరిగిందో చూసి చెప్పమని అడిగే బోర్డు ఒక్కటి ఉంటే చాలు.