ఉపసంహారం తెలిసిన తల్లి

పోతన భాగవతం అనగానే గజేంద్రుడో ప్రహ్లాదుడో ముందు గుర్తొస్తారు. ప్రథమ స్కంధంలో ద్రౌపది అశ్వత్థామను నిలదీసే శార్దూల పద్యం కూడా చాలామందికి కంఠస్థమే. కానీ దాన్ని ఒంటరిగా అప్పజెప్పి వదిలేస్తాం. ముందూ వెనకా ఉన్న పద్యాలతో కలిపి చదివితే గాని అక్కడ పోతన చేసిన పనితనం తెలియదు.

కథ తెలిసిందే. ద్రౌపది కొడుకులైన ఉపపాండవులను ఐదుగురినీ, నిద్రపోతుండగా ద్రోణుడి కొడుకు అశ్వత్థామ చంపాడు. వాడి తల తెస్తానని ద్రౌపదికి మాటిచ్చి అర్జునుడు వెంటపడ్డాడు. ప్రాణభయంతో అశ్వత్థామ బ్రహ్మాస్త్రం వదిలాడు. అతడికి వదలడం తెలుసు, వెనక్కి తీసుకోవడం తెలియదు. అర్జునుడు తన అస్త్రంతో దాన్ని ఎదుర్కొని, చివరికి రెండింటినీ తానే ఉపసంహరించాడు. తర్వాత అతణ్ణి పశువును కట్టినట్టు కట్టి, తెచ్చి ద్రౌపది ముందు నిలబెట్టాడు.

భారతం సౌప్తికపర్వంలోని ద్రౌపది ఈ చావుకు బదులు కోరుతుంది, అందుకోసం ప్రాయోపవేశానికి కూర్చుంటుంది. భాగవతంలో ఆమె వేరు. సంస్కృత మూలంలో అశ్వత్థామను చూస్తూనే నమస్కరించి, విడిచిపెట్టమని భర్తను వేడుకుంటుంది. పోతన ఇక్కడ ఆగాడు. కడుపుకోత మీదున్న తల్లి నోట ముందుగా విడుదల మాట రావడం ఆయనకు నప్పలేదేమో. నమస్కారం అలాగే ఉంచి, ఆమె ముఖాన్ని హంతకుడి వైపు తిప్పాడు. అర్జునుడితో చెప్పాల్సింది తర్వాత చెబుతుంది, ముందు ఇతడితో మాట్లాడాలి.

నాలుగు పద్యాల్లో ఆ మాటలు నడుస్తాయి. మొదటిది మత్తేభం. మా మగవాళ్లు బాణం వేయడం, వేసింది ఉపసంహరించడం మీ నాన్న దగ్గరే నేర్చుకున్నారు, కొడుకు రూపంలో ఉన్న ద్రోణుడివి నువ్వు, శిష్యుల బిడ్డల్ని నరకడం న్యాయమేనా అంటుంది. ఉపసంహారం ప్రస్తావన మూలంలోనూ ఉంది, కానీ అక్కడ అది భర్తకు గురువు రుణాన్ని గుర్తుచేసే మాట. పోతన దాన్ని అశ్వత్థామకే వినిపించాడు. ఆ విద్య రాక కాసేపటి క్రితమే లోకాన్ని తగలబెట్టబోయినవాడు ఆ మాట వినాలి. రెండోది చిన్న కందం. నువ్వు బ్రాహ్మణుడివి, దయగలవాడివి, వీరుడివి అని వరసగా చెప్పి, పసివాళ్లను చంపడం రాక్షసుల పని కాదా అని అడుగుతుంది. చివర అతణ్ణి ‘తండ్రీ’ అని పిలుస్తుంది. ఆ పిలుపులో వెటకారం లేదు. తప్పు చేసిన కొడుకును ఇంట్లో పెద్దామె అడిగే గొంతు అది.

మూడోదే ఆ ప్రసిద్ధ శార్దూలం. రారు, లేరు, చేయరు అని మూడు పొట్టి తెలుగు క్రియలతో బిడ్డల నిరపరాధిత్వం తేలిపోతుంది. ప్రాసాక్షరం ‘ద్ర’. నాలుగు పాదాల మొదట్లో అది పడే మాటలు చూడండి: ఉద్రేకం, ద్రోహం, భద్రం, నిద్ర. ప్రాస కోసం వెతికి తెచ్చిన మాటల్లా కనబడవు, ఆ రాత్రి కథంతా వాటిలోనే ఉంది. అంత బరువైన సమాసాల మధ్య ‘పిన్నపాపలు’ అన్న ఇంటిమాట వచ్చేసరికి గొంతు పట్టేస్తుంది. చివరికి ఆమె నిలదీసేది అతడి చేతుల్ని.

నాలుగోది ఉత్పలమాల. నిన్నిలా కట్టి ఈడ్చుకొచ్చారని తెలిసి మీ అమ్మ ఎక్కడ, ఎలా ఏడుస్తోందో అంటుంది. మూడో పద్యం దాకా బాణంలా వచ్చిన కోపం ఇక్కడ వెనక్కి తిరుగుతుంది. అడగాల్సిందంతా అడిగాకే ద్రౌపదికి అతడి తల్లి కృపి కనబడింది. విడిచిపెట్టమన్న మాట ఆ తర్వాతే. గురువు ద్రోణుడు నేర్పిన విద్యలో కొడుక్కి రాని సగం, ఆయన దగ్గర చదవని కోడలుపిల్లకు వచ్చింది.

దీన్ని అందరూ మెచ్చారని పోతన రాయలేదు. భీముడు ఆమెను వెర్రిదన్నాడు, తానే చంపుతానని లేచాడు. కృష్ణుడు నాలుగు చేతులు ధరించి రెంటితో భీముణ్ణి ఆపి, రెంటితో అడ్డం వెళ్లిన ద్రౌపదిని పక్కకు తప్పించాల్సి వచ్చింది. అశ్వత్థామకు శిక్షా తప్పలేదు. అర్జునుడు తలమీది మణిని, జుట్టును కోసి శిబిరం నుంచి గెంటేశాడు. అతడు మారినట్టు కథలో ఎక్కడా లేదు.

ఆ తర్వాత ద్రౌపదితో కలిసి పాండవులు ఏడుస్తూ బిడ్డల ఉత్తరక్రియలకు వెళ్లారు. క్షమించినంత మాత్రాన ఆ ఏడుపు తగ్గలేదు. ఆ రోజు కృపి ఇంట్లో మాత్రం అలాంటి ఏడుపు మొదలుకాలేదు.