పరిచయము ఒక్కటే చాలునా?

గార్డన్ ఆల్‌పోర్ట్ 1954లో ప్రకటించిన 'ది నేచర్ ఆఫ్ ప్రెజుడిస్' దురభిప్రాయమును శాస్త్రీయముగ పరిశీలించిన గ్రంథములలో ముఖ్యమైనది. భిన్నవర్గములవారు కలిసి మసలినచో ద్వేషము తగ్గునని ఇందలి వాదము. ఎదురుపడుట మాత్రము చాలదు. సమాన హోదా, ఉమ్మడి లక్ష్యము, సహకారము, అధికారుల మద్దతు కావలెను. ఈ షరతులను విడిచి గ్రంథమును ఉదాహరించువారే ఎక్కువ!

నారాయణపేటను చూడుడు. ఈ సరిహద్దు పట్టణమున తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ వినబడును. బేరమునకు పొరుగువాని భాష వచ్చిన చాలు. కాని నూలు ఇచ్చు షావుకారు, మగ్గముపై కూలికి చీర నేయు నేతగాడు నిత్యము కలిసికొన్నను వారి హోదా సమానము కాదు. ఆల్‌పోర్ట్ కోరిన పరిచయము ఇది కాదు.

పెటిగ్రూ, ట్రాప్ 2006లో 515 అధ్యయనములను క్రోడీకరించిరి. ఆ షరతులు మేలు చేయునే గాని, అవి లేకున్నను దురభిప్రాయము కొంత తగ్గునని తేలినది. ఉత్తరప్రదేశ్‌లో మాట్ లో జరిపి 2021లో ప్రకటించిన క్రికెట్ ప్రయోగమున, ఒకే జట్టులో ఆడిన భిన్నకులముల యువకులకు స్నేహములు పెరిగినవి. ప్రత్యర్థులుగ ఆడినపుడు ఆ ఫలితము రాలేదు.

గ్రంథమునందలి అసలు లోపము వేరు. ద్వేషించువాని మనస్సునే గ్రంథకర్త ఎక్కువగ చూచెను; అణగినవాని రాజకీయ దృష్టి ఏమగునో అంతగ విచారింపలేదు. సాగీ ప్రభృతులు 2009లో ప్రకటించిన పరిశోధనలో, తీయని సంభాషణ జరిగిన పిదప బలహీనవర్గము న్యాయమును ఆశించి అసమానతపై దృష్టి తగ్గించెను. బలవద్వర్గము మాత్రము పంపకమున ఆ ఆశను నెరవేర్చలేదు. షావుకారు ఆప్యాయముగ పలుకరించినందున నేతగాడు కూలి రేటు అడుగుట మానినచో, ఆల్‌పోర్ట్ కొలబద్దపై దురభిప్రాయము తగ్గినట్లే కనబడును. రేటు మాత్రము మారదు.