ఇద్రిస్ లతీఫ్ పనితనం

జహీరాబాద్ వాళ్లకు పక్కనే ఉన్న బీదర్ నుంచి లేచే హాక్ విమానాలు కొత్తేమీ కాదు. యుద్ధవిమానాలు నడపబోయే కుర్రాళ్లు వాటి మీదే తర్ఫీదు పొందుతారు. హాక్‌లో ఉండేది అడూర్ ఇంజిన్. అదే జాతి ఇంజిన్లు జాగ్వార్ యుద్ధవిమానంలో రెండుంటాయి. ఆ జాగ్వార్‌ను మన వాయుసేనలోకి తెచ్చేందుకు పట్టుబట్టి నిలిచినవారు మన హైదరాబాదీ, ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రిస్ హసన్ లతీఫ్.

1923లో పుట్టి, నిజాం కాలేజీలో చదివి, 1942లో వాయుసేన అధికారి అయ్యారు. ఇంగ్లండ్‌లో హరికేన్, స్పిట్‌ఫైర్ విమానాలు నడపడం నేర్చుకుని వచ్చి బర్మా రంగంలో పోరాడారు. విభజన వేళ భారతదేశాన్నే ఎంచుకున్నారు. ఆయన సాహసాల గురించి చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. నాకు మాత్రం ఆయన ఢిల్లీలో చేసిన పని మీదే ఎక్కువ గౌరవం.

శత్రుభూమిలోకి దూరంగా చొచ్చుకుపోయి దెబ్బతీసే విమానం కావాలన్న ప్రతిపాదన ఏళ్ల తరబడి ఫైళ్లలో నలిగింది. ఈలోగా ఆ పనికి ఉన్న కాన్‌బెర్రాలు, హంటర్లు పాతబడిపోయాయి. 1971 యుద్ధకాలంలో ప్రణాళికల విభాగం చూసిన లతీఫ్‌కు ఆ లోటు బాగా తెలుసు. 1978 సెప్టెంబర్ 1న ఆయన వాయుసేనాధిపతి అయ్యారు. అంటే వైమానిక విషయాల్లో ప్రభుత్వానికి ప్రధాన సలహాదారు. అక్టోబర్‌లో మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం జాగ్వార్‌ను ఖాయం చేసింది. మరుసటి జూలైకి తొలి జాగ్వార్లు అంబాలాలో దిగాయి.

ఆ ఎంపికలోని తెలివి జాగ్వార్ కాక్‌పిట్‌లోకి తొంగిచూస్తే తెలుస్తుంది. రాడార్‌కు చిక్కకుండా పైలట్ నేలను అంటిపెట్టుకుని పోవాలి, అదీ ఒంటరిగా. దారి తప్పకూడదు, కొండకు తగలకూడదు, లక్ష్యం దాటిపోకూడదు. అందుకే కావలసిన అంకెలు కళ్లెదుటి అద్దం మీదే వెలుగుతాయి, మ్యాపు తెరపై విమానంతోపాటే కదులుతుంది. ఒళ్లో కాగితం పరచుకుని వెతుక్కునే తీరిక ఆ ఎత్తులో ఉండదు. ఈ వివరాలను ఫైలులో ఏ గుమాస్తా అయినా రాయగలడు. వాటి విలువ ఏమిటో మంత్రులకు చెప్పి ఒప్పించాలంటే మాత్రం అలాంటి కాక్‌పిట్‌లో కూర్చున్న మనిషే కావాలి. ఆ ఎంపిక ఎంతకాలం నిలిచిందో కూడా చూడాలి: ఫ్రాన్స్ 2005లో, బ్రిటన్ 2007లో జాగ్వార్లను పక్కన పెట్టేశాయి. మనవాళ్లు ఆ తర్వాత కూడా వాటిని ఆధునికీకరించి నడుపుతూ వచ్చారు.

సోవియట్ యూనియన్ నుంచి మిగ్-23, మిగ్-25 వచ్చిందీ ఆయన హయాంలోనే. 1981 ఆగస్టులో పదవీ విరమణకు ముందు, 58 ఏళ్ల వయసులో, మిగ్-25 ఎక్కి ఎగిరారు. దళానికి తెప్పించిన విమానాన్ని తానూ ఎక్కి చూడాలనుకోవడం నాకెంతో నచ్చింది.

తర్వాత 1982 నుంచి 1985 దాకా మహారాష్ట్ర గవర్నర్‌గా, అటుపై 1988 దాకా ఫ్రాన్స్‌లో రాయబారిగా పనిచేశారు. ఫ్రెంచి మిరాజ్-2000లు మన దళంలో చేరుతున్న రోజులవి. పారిస్‌లోని మన రాయబారికి ఆ విమానం గురించి ఎవరూ విడమరచి చెప్పాల్సిన అవసరం రాలేదు.