ఒక్కసారి చూసి వదిలేయడం

రాత్రి పడుకోబోయే ముందు గ్యాస్ కట్టేయడం ఏ ఇంట్లోనైనా చిటికెలో అయ్యే పని. నాకు మాత్రం ఒక పట్టాన తెమిలేది కాదు. రెగ్యులేటర్ నాబ్ ఆఫ్ వైపు తిప్పుతాను, వంగి చూస్తాను, చేత్తో తడుముతాను, మనసులో నాలుగు దాకా లెక్కపెడతాను. వంటింటి గుమ్మం దాటానో లేదో అనుమానం: మూడు దగ్గర తడబడ్డానేమో! మళ్లీ మొదటికి. లెక్క తప్పితే ఇంట్లోవాళ్లకు ఏదో అయిపోతుందని భయం. నా అంకెలకూ వాళ్ల ప్రాణాలకూ ఏ సంబంధమూ లేదని నాకు బాగా తెలుసు. అయినా కాళ్లు వెనక్కే లాగుతాయి. చూసేవాళ్లు చాదస్తం అంటారు. వైద్యులు ఓసీడీ అంటారు.

గుళ్లో పదకొండు ప్రదక్షిణలు చేసే మనిషి కూడా లెక్కపెడతాడు. లెక్క పూర్తయ్యాక దణ్ణం పెట్టుకుని స్థిమితంగా ఇంటికి పోతాడు. ఈ జబ్బులో లెక్కకు ఆ ముగింపు ఉండదు. భక్తినీ దీన్నీ ఒకే గాటన కట్టేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

మరోసారి చూస్తే ధైర్యం వస్తుందనే ఎవరైనా అనుకుంటారు. జరిగేది అందుకు పూర్తిగా తలకిందులు. 2003లో నెదర్లాండ్స్‌లో వాన్ డెన్ హౌట్, కింట్ అనే పరిశోధకులు ఈ జబ్బు లేని మామూలు మనుషులను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, తెర మీది గ్యాస్ పొయ్యిని పదేపదే సరిచూడమన్నారు. చివరిసారి ఏయే బర్నర్లు చూశారో వాళ్లు దాదాపు సరిగానే చెప్పారు. కానీ ఆ జ్ఞాపకం మసకబారింది, దాని మీద నమ్మకం సడలింది. అంటే చూసిన కొద్దీ అనుమానమే బలుస్తుంది. నా వంటింట్లో జరిగేదేమిటో నాకు అర్థమైంది ఈ సంగతి తెలిశాకే. తాళం వేసి ఫోన్‌లో ఫొటో తీసుకోవడం, బస్సెక్కాక దాన్ని పెద్దది చేసి చూసుకోవడం కూడా సరిచూడటమే.

విరుగుడు కూడా ఆ సరిచూడటాన్ని ఆపడంలోనే ఉంది. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే మనస్తత్వవేత్త, రోగిని భయపెట్టే పరిస్థితికి ఎదురుగా నిలబెట్టి, అలవాటైన తంతు జరగకుండా ఆపే పద్ధతిని ప్రచురించారు. నేటికీ ఓసీడీ చికిత్సకు అదే ఆయువుపట్టు. నాబ్ ఒక్కసారి తిప్పాలి, లెక్కపెట్టకుండా వచ్చేయాలి. గుండె దడదడలాడుతుంది, చేతులకు చెమటలు పడతాయి. ఆ దడను అలాగే ఉండనివ్వాలి. కాసేపటికి దానంతటదే తగ్గుతుంది. రోజూ చేసే సాధన ఇది. మందులూ అవసరం కావచ్చు. అవి ప్రభావం చూపడానికి చాలామందిలో రెండు మూడు నెలలు పడుతుంది, పదిరోజులకే గుణం లేదని మానేయకూడదు.

అన్నిటికన్నా కష్టం మా అమ్మది. "తలుపు గడియ పెట్టానా అమ్మా?" అంటే, "పెట్టావు నాన్నా, పడుకో" అనేది. ఆ మాటతో వచ్చే నిశ్చింత క్షణంలో ఆవిరైపోయేది, మళ్లీ అడిగేవాణ్ణి. ఆ జవాబు కూడా జబ్బుకు మేతేనని డాక్టరు విడమరిచి చెప్పాక, "ఆ మాట అడగొద్దనుకున్నాం కదరా" అని ఊరుకుంటుంది. ఆ పూట ఆవిడకూ నిద్ర పట్టదని నాకు తెలుసు. నన్ను బాగుచేస్తున్న వాటిలో ఆ మౌనానికి పెద్ద వాటా ఉంది.

మీ ఇంట్లో ఇలాంటివాళ్లుంటే కసరకండి, ఒట్లు వేసి నమ్మించాలనీ చూడకండి. సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. ఎక్కడికి వెళ్లాలో తోచకపోతే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.