హెడ్‌ఫోన్ అడిగితేనే పెట్టె

కంప్యూటర్ పక్కన పెట్టుకునే హెడ్‌ఫోన్ పెట్టెలో రెండు పనులు జరుగుతాయి. పాట ఫైల్లోని అంకెలను డాక్ విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. ఆ సంకేతానికి హెడ్‌ఫోన్‌లోని తీగచుట్టను కదిలించేంత బలాన్ని యాంప్లిఫయర్ ఇస్తుంది. ఈ రెండూ ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ ముందే ఉంటాయి. కాబట్టి కొనేముందు తేలాల్సిన ప్రశ్న ఒకటే: ఉన్నవాటికి ఏం తక్కువైంది? ఈ వారం కళ్లబడ్డ ఆఫర్ల ప్రకటనల్లో ఆ జవాబు ఎక్కడా లేదు. ఉన్నదల్లా 32 బిట్లు, 768 కిలోహెర్ట్జ్ అంటూ బంగారు రంగులో అచ్చేసిన అక్షరాలు. ఈ శీర్షికకు అంకెలతో పేచీ లేదు. చెవికి అందని అంకెలకు డబ్బు గుంజితేనే పేచీ.

1982లో మార్కెట్లోకి వచ్చిన సీడీ 16 బిట్లతో, సెకనుకు 44,100 నమూనాలతో పనిచేస్తుంది. 16 బిట్లకు దక్కేది అతి మెల్లని శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య 96 డెసిబెల్‌ల ఎడం. 44,100 నమూనాలు 22 కిలోహెర్ట్జ్ దాకా శబ్దాలను పట్టుకుంటాయి. మనిషి చెవి 20 దాకా వింటుంది, అదీ చిన్న వయసులోనే. 32 బిట్లకు లెక్క ప్రకారం 192 డెసిబెల్‌లు రావాలి గానీ, విడిభాగాల్లో వేడి వల్ల పుట్టే రొద అంత లోతుకు పోనివ్వదు. ఎంత గొప్ప చిప్ అయినా 130 దరిదాపుల్లోనే ఆగుతుంది. మరోవైపు 1957 నాటి 'మాయాబజార్' పాటను 78 ఆర్‌పీఎం రికార్డు నుంచి ఎక్కించి ఉంటే, దానికి 50 డెసిబెల్‌లు దక్కడమే గొప్ప. ఘంటసాల గొంతు వెనక వినిపించే సరసర ఆ రికార్డుది. లక్ష రూపాయల డాక్ తెచ్చినా అది పోదు.

చిప్ పేరు చూసి కొనడంలోనూ పెద్ద అర్థం లేదు. 2020 అక్టోబరులో జపాన్‌లోని నొబెయోకాలో ఏకేఎం కంపెనీ చిప్ ఫ్యాక్టరీ కాలిపోయి, డాక్ చిప్పులకు కరవొచ్చింది. తయారీదారులు చాలామంది బోర్డులు మార్చి ఈఎస్ఎస్ వంటి వేరే కంపెనీల చిప్పులు పెట్టుకున్నారు. సరిగ్గా కట్టిన బోర్డయితే రెంటి మధ్య తేడా కొలిచే పరికరానికే తెలుస్తుంది.

యాంప్ సంగతి అలా కాదు. అక్కడ అవసరం హెడ్‌ఫోన్‌ని బట్టి నిజంగానే మారుతుంది. దాన్ని కాగితం మీద తేల్చుకోవచ్చు కూడా. అందుకు ఇంపెడెన్స్ (కరెంటుకు హెడ్‌ఫోన్ చూపే అడ్డు), సెన్సిటివిటీ (ఒక మిల్లీవాట్‌కు అది ఎంత గట్టిగా మోగుతుందో) అనే రెండు అంకెలు చాలు. ఆడియో-టెక్నికా ఎం50ఎక్స్ ఇంపెడెన్స్ 38 ఓమ్‌లు, సెన్సిటివిటీ మిల్లీవాట్‌కు 99 డెసిబెల్‌లు. కచేరీలో తని ఆవర్తనం ముగింపు దెబ్బ క్షణంపాటు 110 డెసిబెల్‌లకు ఎగరాలంటే 13 మిల్లీవాట్ల లోపే కావాలి. 38 ఓమ్‌ల మీద అది 0.7 వోల్టు. ల్యాప్‌టాప్ జాక్‌లలో, చిన్న యూఎస్‌బీ-సి డాంగిళ్లలో చాలావాటికి 1 వోల్టు సత్తా ఉంటుంది కనుక ఇక్కడ పెట్టెతో పనిలేదు. బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రో 250 ఓమ్‌ల రకానికి మిల్లీవాట్‌కు 96 డెసిబెల్‌లు. 110 చేరడానికి 25 మిల్లీవాట్లు, అంటే 2.5 వోల్టులు కావాలి. 1 వోల్టు దగ్గర అది 102 డెసిబెల్‌లతో సరిపెడుతుంది. మొదటి నుంచి చివరిదాకా ఒకే ఎత్తున బిగించి మిక్స్ చేసే ఇప్పటి సినిమా పాటకు అది ఎక్కువే, తక్కువ స్థాయిలో రికార్డయిన కచేరీకి మాత్రం చాలదు. పెట్టె మీద 1,500 మిల్లీవాట్లు అని ఉంటే అది సాధారణంగా 32 ఓమ్‌ల లెక్క, దాదాపు 7 వోల్టులు. అదే 7 వోల్టులు 250 ఓమ్‌ల మీద 200 మిల్లీవాట్లకు దిగుతాయి. కావాల్సింది 25 కాబట్టి కొదవేమీ లేదు.

ఈ లెక్కలను సామాన్య శ్రోతల నోట పలికించిన వాళ్లలో ఒకరి అసలు పేరు ఇప్పటికీ బయటపడలేదు. ఎన్‌డబ్ల్యూ ఏవీ గై అనే మారుపేరుతో రాసిన ఆ ఇంజినీరు 2011లో ఓ2 అనే యాంప్ సర్క్యూట్‌ను పూర్తి వివరాలతో అందరి ముందూ పెట్టాడు. ఎవరైనా కట్టుకోవచ్చు, అమ్ముకోవచ్చు, డిజైన్‌ను మార్చకూడదు అన్నదే షరతు. జాగ్రత్తగా గీసిన సర్క్యూట్ ఉంటే చవక విడిభాగాలతోనే మంచి యాంప్ వస్తుందని, దానికి సాక్ష్యం సమీక్షకుల విశేషణాల్లో కాక కొలతల్లో ఉండాలని అతడి వాదన. ఓ2 చివరి దశలో ఒక్కో చెవికి ఒక్కో ఎన్‌జేఎం4556 ఆప్-యాంప్ ఉంటుంది. ఎనిమిది కాళ్ల మామూలు చిప్ అది. అందులోని రెండు సగాలను 1 ఓమ్ రెసిస్టర్లతో జతకలపడంతో హెడ్‌ఫోన్‌కు కావాల్సిన కరెంటు వచ్చేసింది. గోడ అడాప్టర్ లేనప్పుడు రెండు 9 వోల్టుల బ్యాటరీలతో కూడా నడుస్తుంది. ఖరీదైన పెట్టెలను కొలిచి లోపాలు బయటపెట్టడంతో అతడికి శత్రువులూ పెరిగారు. 2012లో ఓడాక్ అనే డాక్ వచ్చిన కొద్ది నెలలకే అతడి నుంచి మాట ఆగిపోయింది. అదే ఏడాది షీట్ కంపెనీ మాగ్ని యాంప్‌ను, 2018లో జేడీఎస్ ల్యాబ్స్ ఆటమ్‌ను 99 డాలర్లకే అమ్మకానికి పెట్టాయి. చెవికి దొరకనంత తక్కువ వక్రీకరణ ఆ ధరలో మామూలు విషయమైపోయింది.

ధ్వనిలో తేడా అంతగా లేనప్పుడు చూడాల్సింది వాడకాన్ని. మొదటిది యాంప్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్, అది హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతు మించకూడదు. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 మీద 300 ఓమ్‌లని రాసి ఉన్నా 100 హెర్ట్జ్ దగ్గర అది 500 దాటుతుంది. 120 ఓమ్‌ల అవుట్‌పుట్ ఉన్న పాత రిసీవర్‌కు తగిలిస్తే బేస్ ఒక డెసిబెల్ ఉబ్బుతుంది. రెండోది గెయిన్ స్విచ్, అంటే యాంప్ సంకేతాన్ని ఎన్ని రెట్లు పెంచాలో మార్చే మీట. చవక పెట్టెల్లో వాల్యూమ్ నాబ్‌ను సున్నా నుంచి మెల్లగా తిప్పితే పాట ముందు ఒక చెవిలోనే మొదలై, మరికాస్త తిప్పాక గానీ రెండో చెవి అందుకోదు. ఒకే ఇరుసు మీద తిరిగే రెండు కార్బన్ పట్టీలు అడుగున సమానంగా ఉండకపోవడమే కారణం. తక్కువ గెయిన్ ఉంటే నాబ్ సగం దాకా తిరుగుతుంది, ఆ లోపం దాటిపోతుంది. 4.4 మిల్లీమీటర్ల బ్యాలెన్స్‌డ్ సాకెట్ వోల్టేజీని రెట్టింపు చేస్తుంది. తేలిగ్గా మోగే హెడ్‌ఫోన్లకు దానితో అవసరం లేదు.

మన ఇళ్లలో కరెంటు సంగతి మరచిపోకూడదు. మూడు పిన్నుల ఛార్జర్‌తో ఉన్న కంప్యూటర్‌కు, వేరే ప్లగ్గులో ఉన్న యాంప్‌కు మధ్య ఎర్త్ రెండు దారుల్లో కలిస్తే 50 హెర్ట్జ్ హమ్ మొదలవుతుంది. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకగానే అది ఆగితే కారణం తెలిసినట్టే. రెండూ ఒకే ప్లగ్‌బోర్డులోకి మార్చి చూడాలి. అప్పటికీ పోకపోతే ఆప్టికల్ తీగ వాడాలి, అందులో కరెంటు పారదు. అమెరికా నుంచి బంధువులు తెచ్చే పెట్టెలతో ఇంకో తిప్పలుంది. ఏసీ నుంచి ఏసీకే మార్చే బరువైన అడాప్టర్లు అక్కడి 120 వోల్టులకే చేసినవి, మన 230కి పెడితే కాలిపోతాయి. 230 వోల్టుల అడాప్టర్ తెప్పించాలి, లేదా హైదరాబాద్‌లోని కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వెతుక్కోవాలి.

రెండు పెట్టెలను పోల్చేటప్పుడు మల్టీమీటర్‌తో వాటి వోల్టేజీని ముందు సమానం చేయాలి. అర డెసిబెల్ ఎక్కువ మోగినది వినేవాడికి గట్టిగా ఉన్నట్టు అనిపించదు, మెరుగ్గా ఉన్నట్టు అనిపిస్తుంది. దుకాణంలో డెమో గెలిచే పెట్టెల్లో కొన్ని ఈ కారణంతోనే గెలుస్తాయి.

ఇంతవరకూ చెప్పినదాన్ని బట్టి చూస్తే, తేలిగ్గా మోగే హెడ్‌ఫోన్ ఉన్నవాళ్లకు వెయ్యి రూపాయల డాంగిల్ చాలు, పెట్టె దండగ. లెక్క అంతవరకూ సరైనదే, కానీ వాడే గంటలను అది పట్టించుకోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి పెట్టిన ప్రమాణం ప్రకారం పెద్దవాళ్లు వారానికి 80 డెసిబెల్‌ల దగ్గర 40 గంటలు వినొచ్చు. మూడు డెసిబెల్‌లు పెరిగిన కొద్దీ గంటలు సగమవుతాయి. 89 దగ్గర మిగిలేవి 5 గంటలే. వారానికి ఐదు రోజులు, రోజుకు ఎనిమిది గంటలు హెడ్‌ఫోన్ తియ్యని సాఫ్ట్‌వేర్ ఉద్యోగి 80 దగ్గర విన్నా సరిగ్గా ఆ 40 గంటల హద్దు మీదే ఉంటాడు. కంప్యూటర్లో వాల్యూమ్ ప్లేయర్‌లో ఒకటి, సిస్టమ్‌లో ఒకటి, మీటింగ్ యాప్‌లో ఒకటి. ఏది ఎంతలో ఉందో తెలియక మనిషి పైవైపుకే పోతాడు. చేతికందే నాబ్ ఉంటే తగ్గించడానికి క్షణం పట్టదు. గట్టిగా మోగించడానికి పుట్టిన యంత్రాన్ని అలాంటి వ్యక్తి మెల్లగా వినడానికే కొనాలి, హెడ్‌ఫోన్ ఎంత తేలిగ్గా మోగేదైనా సరే. అతడు చూడాల్సినవి తక్కువ గెయిన్, రెండు చెవుల్లో సమానంగా మొదలయ్యే నాబ్, ఖాళీగా ఉన్నప్పుడు రొద లేకపోవడం, 230 వోల్టుల అడాప్టర్. ధర విషయంలో ఈ శీర్షిక పాత సూత్రమే వర్తిస్తుంది: పెట్టె ఖర్చు హెడ్‌ఫోన్ ఖర్చును మించకూడదు.