పేరు వెతుక్కున్న ఇల్లాలు, పేరు లేని పట్టా

సానుభూతి వేరు, సహానుభూతి వేరు. జాలిపడటానికి మగవాడు తన చోటు నుంచి కదలక్కర్లేదు. ఆమె చోటులో నిలబడాలంటే కదలాలి. కథలు ఆ పని చేస్తాయని నమ్మి మేము ఏళ్లుగా పిల్లలకు చదివి వినిపిస్తున్నాం. ఎంతవరకు చేస్తాయన్నదే ఇక్కడ మా ప్రశ్న.

1910లో వచ్చిన గురజాడ ‘దిద్దుబాటు’ తీసుకుందాం. రాత్రిళ్లు పాటకచేరీలకు తిరిగే గోపాలరావు ఇంటికొచ్చేసరికి భార్య కమలిని ఉండదు, ఉత్తరం ఉంటుంది. కంగారుపడి తప్పు ఒప్పుకుంటాడు. ఆమె మంచం కిందే ఉంది. మగపిల్లలు హాయిగా నవ్వే కథ ఇది. అయితే అతనికి తెలిసొచ్చింది తన ఒంటరితనమే. అతను రాని రాత్రులు ఆమె ఎలా గడిపిందో అతనూ చూడడు, కథా చూపించదు. అది భయంతో వచ్చిన మార్పు.

పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ వేరే దారి పట్టింది. ఇల్లు అలికీ అలికీ ఒకావిడ తన పేరే మర్చిపోతుంది. అందరినీ అడుగుతుంది, భర్తతో సహా. చివరికి పాత స్నేహితురాలు పిలిస్తేనే పేరు దొరుకుతుంది. అప్పటిదాకా చదివేవాడికీ ఆ పేరు తెలియదు. ఈ కథలోని గొప్పతనం ఇదే: మగ పాఠకుడు కూడా ఆమెతోపాటు వెతకాల్సిందే.

చదివాక మీ నాయనమ్మ పేరు రాయమన్నాం. సగం మంది మగపిల్లలు కలం నములుతూ కూర్చున్నారు. నవ్వబోయి మేమూ ఆగిపోయాం. మా నాయనమ్మను ఊరంతా పుట్టింటి ఊరి పేరుతోనే పిలిచేది.

కాని ఆ ఇల్లాలు పేరు కోసం పుట్టింట్లో సర్టిఫికెట్లు వెతుకుతుంది. మన అవ్వలకు సర్టిఫికెట్ ఎక్కడిది? మన దగ్గర పేరు ఉండాల్సింది పట్టాలో. 2006 అటవీ హక్కుల చట్టం భార్యాభర్తలిద్దరి పేరునా పట్టా ఉండాలంది. మరి కూతురి వాటా? 1956 హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డు తెగలను పక్కన పెట్టింది. కనుక కులపెద్దలు చెప్పే ఆచారమే దిక్కు. ఆ పెద్దలు మగవాళ్లు.

మనలో కట్నం లేదు, ఓలి ఉంది, మనం ముందు నుంచీ సమానమే అని మన యువకులు సభల్లో అంటారు. అదే యువకుడు ఇంట్లో, “ఆడపిల్లకిస్తే భూమి గిరిజనేతరుల చేతికి పోతుంది” అంటాడు. బినామీ పెళ్లిళ్లు ఉన్నాయి, కాదనం. కాని 1/70 చట్టం ఉండగానే అప్పులకూ సారాకూ భూములు పోగొట్టుకున్నది ఎవరు? కలుపు తీసేది, ఇప్పపువ్వు ఏరేది, తునికాకు కట్ట కట్టేది ఎవరు? కథలో ఇల్లాలిని చూసి కళ్లు చెమర్చుకున్నవాడు వాటా దగ్గరికొచ్చేసరికి గోపాలరావు అయిపోతున్నాడు. తన నష్టమే కనబడుతుంది. ఏ ఖర్చూ లేనంతవరకే నిలిచే సహానుభూతిని మేము పాఠం ఒంటబట్టిందని లెక్కవేసుకున్నాం. తప్పు మాదే.

ఈసారి పరీక్ష మార్చాం. పెద్దల ముందు భూమిలో వాటా అడుగుతున్న అక్కలా మాట్లాడుతూ ఒక పేజీ రాయమన్నాం. ఆడపిల్లలు గబగబా రాశారు. ఒక పిల్లవాడు అర పేజీ రాసి ఆపేశాడు. ఏమైందిరా అన్నాం.

“అక్క ఏమడుగుతుందో రాశాను సార్. దానికి తమ్ముడు ఏమంటాడో రాయలేకపోతున్నాను.”