ప్యాకెట్ వెనక్కి తిప్పండి

సాయంత్రం నాలుగున్నరకు ఆకలి వేయడంలో తప్పేమీ లేదు. మధ్యాహ్నం తిన్నది అరిగిపోయి, రాత్రి భోజనానికి ఇంకా మూడు నాలుగు గంటలుంటే ఎవరికైనా ఏదో ఒకటి నోట్లో వేసుకోవాలనే ఉంటుంది. ఆ ‘ఏదో ఒకటి’ దగ్గరే చిక్కంతా. ‘మల్టీగ్రెయిన్’, ‘వేయించనిది’ లాంటి మాటలన్నీ ప్యాకెట్ ముందువైపే మెరుస్తుంటాయి. నేను ముందువైపు చదవడం మానేసి చాలాకాలమైంది.

వెనకవైపు పదార్థాల జాబితాకు ఒక నియమముంది. బరువులో ఏది ఎక్కువో దాన్నే ముందు రాయాలి. మల్టీగ్రెయిన్ అన్న బిస్కెట్‌ను తిప్పి చూడండి. చాలాసార్లు మొదటి పేరు మైదా, ఆ వెంటనే చక్కెర, పామాయిల్. రాగులూ ఓట్సూ ఎక్కడో కింద, పక్కనే చిన్న శాతంతో దొరుకుతాయి. చక్కెరకు మారువేషాలు కూడా ఎక్కువే. ఒకచోట లిక్విడ్ గ్లూకోజ్, ఇంకోచోట ఇన్వర్ట్ సిరప్. అన్నీ ఒకేచోట రాస్తే జాబితాలో ఇంకా పైకెక్కేది.

ఇక ఉప్పు. దాన్ని సోడియం పేరుతో మిల్లీగ్రాముల్లో వేస్తారు. ఆ అంకెను 2.5తో గుణించాలి. 100 గ్రాముల మిక్స్చర్‌లో 800 మిల్లీగ్రాముల సోడియం ఉందంటే ఉప్పు 2 గ్రాములన్నమాట. పెద్దవాళ్లకు రోజు మొత్తానికి 5 గ్రాములు దాటొద్దంటున్నారు. పప్పు, కూర, పచ్చడి కూడా అందులోనే సర్దుకోవాలి. కొన్ని ప్యాకెట్ల మీద ‘ఒక సర్వింగ్ 30 గ్రాములు’ అని కూడా ఉంటుంది. టీవీ ముందు కూర్చుని 30 గ్రాముల దగ్గర చెయ్యి ఆపినవాళ్లను నేనింతవరకు చూడలేదు.

ఇదేదో నా చాదస్తం కాదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన 17 ఆహార సూత్రాల్లో లేబుల్ చదవమన్నదీ ఒకటి.

అలాగని ఇంట్లో చేసిందల్లా మంచిదేనన్న వాదనా నాకు నచ్చదు. అమ్మ చేతి జంతికైనా నూనెలో వేగాల్సిందే. బెల్లంతో చేశాం కదా అని నువ్వుండలు నాలుగు లాగించేవాళ్లకు చెప్పేదొకటే: క్యాలరీల లెక్కలో బెల్లానికీ చక్కెరకూ పెద్ద తేడా లేదు.

నా ఓటు గుగ్గిళ్లకే. తెలంగాణ ఇళ్లలో గుడాలంటారు. శనగలో బొబ్బర్లో రాత్రి నానబోసి, మర్నాడు ఉడికించి, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకుతో ఒక్క చెంచా నూనెలో తాలింపు పెడితే చాలు. పైన పచ్చి ఉల్లిపాయ చల్లి, నిమ్మకాయ పిండుకోవచ్చు. ప్రొటీన్‌కు ప్రొటీన్, పీచుకు పీచు. రాత్రి దాకా మళ్లీ ఆకలి గోల ఉండదు. అంత తీరిక లేనినాడు బొరుగుల్లో పుట్నాలు కలుపుకుంటే సరి. పల్లీలూ మంచివే, కానీ వాటిలో సుమారు 40 శాతం నూనే. గుప్పెడుతో ఆపాలి.

ఈ ఆదివారం మీ వంటింటి అరలోని బిస్కెట్ ప్యాకెట్లన్నీ ఓసారి వెనక్కి తిప్పండి. మొదటి మూడు పేర్లలో చక్కెర కనిపిస్తే మాత్రం, సోమవారం పిల్లల స్నాక్స్ డబ్బాలో అది పెట్టకండి.